గుమ్మం దీపం

హాలోవీన్ సాయంత్రం మా వీధిలో గుమ్మం దీపం వెలుగుతోందంటే, వేషాలేసుకున్న పిల్లలు మిఠాయిల కోసం వచ్చి తలుపు తట్టొచ్చని అర్థం. ఆర్వల్ ఇంటి దీపం వెలుగుతూనే ఉంది. ఒక్క పిల్లా మెట్లెక్కలేదు. ఎక్కనిస్తేగా! మెట్ల ముందు టార్చిలైటు పట్టుకుని మార్లిస్ నిలబడి ఉంది.

"ఈ ఇంటికొద్దు నాన్నా, పక్కింటికి పోండి."

ముసలి ఆర్వలే బుట్ట పట్టుకుని దిగి వచ్చాడు. "ఈసారి అన్నీ కొట్లో కొన్న చాక్లెట్లేనమ్మా. మీద కాగితం కూడా విప్పలేదు."

"పోయినేడు మీ ఆవిడ చేసిచ్చిన పేలాల ఉండలో తలకి నీలం పూసున్న గుండుసూది దొరికింది ఆర్వల్ గారూ. మా పాప నోట్లో పెట్టుకునుంటే?"

"అది మా ఇంటి సూది కాదమ్మా. మా ఆవిడ ఈ వేసవిలో పోయేదాకా అదే చెప్పుకుని ఏడ్చింది. ఒక్కరూ నమ్మలేదు."

"పిల్లల తల్లిని. నా జాగ్రత్త నాకుండదా?"

ఆయన బుట్టతో వెనక్కి వెళ్ళిపోయాడు. దీపం మాత్రం ఆర్పలేదు.

"అమ్మా, నా రెక్క ఊడిపోతోంది," అంది సీతాకోకచిలుక వేషంలో ఉన్న పాప.

మార్లిస్ వంగి, తన కోటు కాలరుకి గుచ్చుకున్న నీలం పూస గుండుసూది తీసి రెక్కకి పెట్టింది.

"పోయినేడులా ఇదీ ఊడి మిఠాయిల సంచిలో పడిందో, వీపు చీరేస్తా," అంది పాప చెవిలో.

లేచి నిలబడి గొంతు పెంచింది.

"లైటుందని అటు పోకండర్రా పిల్లలూ! అక్కడ సూదులు పెడతారు!"