లిడియా అక్క ముడి

ఆకుపచ్చ ఫ్లోరైట్ రాతి పూసలు కడగాలి. దారానికి గుచ్చాలి. తెల్లారేసరికి అక్క కూతురు ఆరాధన పెళ్లికి దండ పూర్తిచేయాలి.

“పిన్నీ, అమ్మ వేసినట్టే ముడెయ్యి. నీ డిగ్రీ ముళ్లు మాకొద్దు!” అని నవ్వి పడుకుంది ఆరాధన.

పగలు మిరపకాయల తొడిమలు తీసి, రాత్రుళ్లు పూసలు గుచ్చి నన్ను చదివించిన లిడియా అక్క పోయి ఏడాదైంది. ఆ ముడి నేనెప్పుడూ నేర్చుకోలేదు.

కరెంటు పోయింది. చీకట్లో దారం మెల్లగా జారిన చప్పుడైంది. మళ్లీ లైటు వెలిగేసరికి ఆకుపచ్చ పూస పక్కన అక్క ముడి ఉంది. ముట్టుకున్నాను. అప్పుడే కడిగిన కొత్త పూస. అయినా వేళ్లు మిరపకారం తగిలినట్టు మండాయి.

చేతులు కడుక్కోలేదు. ఈసారి లైటు నేనే ఆర్పేసి, “అక్కా, ఇంకొక్క పూస” అన్నాను.

ఎక్కడైనా ఆకుపచ్చ పూసల దండ కనబడితే, మా లిడియాను ఒక్కసారి తలుచుకోండి.