ముత్యం రక్తం

ఒక్క నిమిషం ఆగండి. కొట్టంలోంచి వస్తున్న ఆ శబ్దం వినండి ముందు. గుర్... గుర్... చీమిడి నిండిన ముక్కుతో లాగుతున్న ఊపిరి! కడప శివారు, మిట్టమధ్యాహ్నం, ఒక్క కుక్కా మొరగడం లేదు. ఆ శబ్దం ఒక్కటే.

పశువుల డాక్టరు జెస్సీ మాస్కు సర్దుకుంది. సంచిలో గుర్రాన్ని చంపే ఇంజక్షన్. బయట జేసీబీ తవ్విన గొయ్యి, పక్కన సున్నం మూటలు.

కొట్టం గుమ్మంలో శాంతయ్య అడ్డంగా నిలబడ్డాడు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తోలే మనిషి. జోడు గుర్రాల్లో ఒకటి పోయిన నెల ఇలాగే రొప్పి రొప్పి చచ్చిపోయింది. దాని ముక్కు తుడిచిన తువ్వాలుతోనే ఇప్పుడు తన మొహం తుడుచుకుంటున్నాడు.

"జరుగు పెద్దాయనా. రక్తం రిపోర్టు వచ్చింది. గ్లాండర్స్, గుర్రాల అంటురోగం. వైద్యం చేయనివ్వరు, మనుషులకు కూడా అంటుకుంటుంది. చంపాల్సిందే."

"నా ముత్యానికి ఏం లేదమ్మా! పొద్దున బకెట్టు ఉలవలు తినింది."

"ఏమప్పా శాంతయ్యా, ఉలవలు తింటే రోగం పోతాదా? నాకూ రెండు గుప్పిళ్లు పెట్టప్పా, మోకాళ్లు నొస్తాండాయి!" గొయ్యి దగ్గరి నుంచి అటెండరు పుల్లన్న అరిచాడు.

జెస్సీ లోపలికి నడిచింది. తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది ముత్యం. కళ్లు తేటగా ఉన్నాయి. ముక్కు పొడిగా ఉంది. జెస్సీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా రిపోర్టు రిపోర్టే! సిరంజి నింపింది.

శాంతయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గ్లౌజు మీద నుంచే కాలింది ఆ చెయ్యి.

"ఆగు తల్లీ! తప్పు నాది. రక్తం తీయను వచ్చిన పొద్దు ముత్యం తన్నబోతే, నువ్వు సూది, సీసా నా చేతికిచ్చి బయటికి పోతివే..."

"నువ్వేగా తీస్తానన్నావు! పదేళ్లుగా దీనికి సూదులు నేనే వేస్తున్నానంటివి."

"రోగమని తేలితే చంపుతారని భయమాయ. దాన్ని ముట్టుకోనే లేదు. ఆ రక్తం దీనిది కాదు."

"మరి ఏ గుర్రానిది?"

"ఇంగో గుర్రం యాడుండాది తల్లీ?" శాంతయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి మడతలో సూది గుచ్చిన మచ్చ. దాని పక్కనే వరుసగా పగిలిన పుండ్లు.

గుర్... గుర్... ఆ శబ్దం ముత్యానిది కాదు.

"నా ముత్యం బతికినట్టే గదమ్మా?" శాంతయ్య సంతోషంగా నవ్వుతున్నాడు.

చెప్పండి, జెస్సీ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?