తవిటయ్య మడిలోకి నీరు

యూరియా జల్లిన మడిలో నీరు తెల్లారేదాకా కదలకూడదు. కదిలిందంటే ఎరువంతా కింది మడి పాలే. అందుకే డిల్లేసు పొద్దుండగానే గట్టు గండిలో మట్టి పెళ్లలు వేసి, మడమతో గట్టిగా తొక్కి మడవ కట్టేశాడు.

చీకటి పడ్డాక, గట్టు చివర లాంతరు పట్టుకుని నిలబడ్డ భార్య నీలవేణి కేకేసింది.

"మావా, తవిటయ్య మడిలోకి నీరు ఎల్తన్న సప్పుడేటి?"

డిల్లేసు టార్చి వేశాడు. మడవ తెరిచి ఉంది. పారతో తవ్విన జాడ లేదు. గండిలోని పెద్ద పెళ్లను ఎవరో ఎత్తి గట్టు మీద పదిలంగా పెట్టారు. దాని మీద తన మడమ ముద్ర చెక్కుచెదరలేదు.

తవిటయ్య చనిపోయాక కింది మడిని ఎవరూ దున్నలేదు. నిరుడు వరి ఎండిపోతుంటే అతను ఈ మడవ దగ్గరే కూర్చుని, "సుక్క నీరు ఒగ్గరా, డిల్లేసూ" అని బతిమాలాడు. డిల్లేసు ఆ మట్టినే ఇంకోసారి తొక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పెళ్లను మళ్లీ గండిలో పెట్టి, రెండు కాళ్లతో దాని మీదకెక్కి నిలబడ్డాడు. నీటి చప్పుడు ఆగింది. కప్పల అరుపులూ ఆగిపోయాయి.

"కట్టీసేవా, మావా?"

"కట్టీసేను. నువ్వు ఇటు రాకు."

అంతలో కాళ్ల కింద మట్టి కదిలింది. అది నీటికి కొట్టుకుపోవడం కాదు. కింది మడి వైపు నుంచి ఎవరో వేళ్లు పెట్టి, అతని మడమకు గోరైనా తగలకుండా, గుప్పెడు గుప్పెడుగా, ఎంతో ఓపికగా తీస్తున్నారు.