నీళ్ళు కొట్టిన సగం

"ఏ పక్క మందు కొట్టాం, ఏ పక్క నీళ్ళు కొట్టాం రెడ్డెమ్మక్కా?"

"తూరుపు పక్క మందు, పడమటి పక్క నీళ్ళు. మీ ముందరే కదమ్మా కొట్టినాను?"

గట్టు మీద నిలబడ్డ వ్యవసాయ శాస్త్రవేత్త మాలతికి తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. పోయినసారి వచ్చినప్పుడు రెడ్డెమ్మ వరిమడి ఆకు కొసల నుంచి ఎండుగడ్డిలా మారిపోతూ ఉంది. బ్యాక్టీరియా తెగులు. మాలతి మడిని రెండుగా విడగొట్టి, ఒక సగానికి తను కనిపెట్టి రెడ్డెమ్మ పెరట్లోనే కాచిన కానుగాకు, తులసి కషాయం, రెండో సగానికి ఉత్త నీళ్ళు కొట్టించి వెళ్ళింది. ఇప్పుడు చూస్తే రెండు సగాలూ ఒకేలా నవనవలాడుతున్నాయి. కొత్తాకు మీద మచ్చయినా లేదు.

"గాలికి మందు ఇటు కొట్టుకొచ్చిందేమో?"

"ఆ పొద్దు గాలే లేదు కదమ్మా."

మాలతి తలెత్తి పక్క మడి చూసింది. అదీ పచ్చగానే ఉంది. దాని అవతలిదీ అంతే. అప్పుడు తెగులుతో పసుపుబారిన పొలాలన్నీ సదుం కొండల దాకా ఒకే పచ్చదనమై గాలికి ఊగుతున్నాయి.  ఇది మనిషి చేతిలో పనేనా అనిపించింది.

పక్క మడికి నీళ్ళు కడుతున్న పెద్దాయన ఆమెను చూసి చెప్పులు విడిచి చేతులు జోడించాడు. ఎవరికోనని మాలతి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. వచ్చేటప్పుడు ఊరిదారిలో కానుగ చెట్లు కూడా ఇలాగే వింతగా, ఆకు లేకుండా కనిపించాయి. మేకలవాళ్ళ పని అనుకుంది.

పై అధికారి రాజగోపాల్ ఫోన్ చేశాడు.

"తేడా ఏమీ లేదు సార్. చుట్టుపక్కల పొలాలు కూడా కోలుకున్నాయి."

"అయితే ఎండలకు తెగులే పోయింటుంది. కషాయం పనిచేయలేదని రాసేయమ్మా. ఇంక దీన్ని ఇక్కడితో ఆపేద్దాం."

ఏళ్ళ తరబడి పడ్డ కష్టం ఒక్క మాటతో పోయింది. మాలతి కళ్ళు తుడుచుకుంది. చదువుకున్నవాళ్ళ బాధలు అలాగే ఉంటాయి మరి, పంట పచ్చగా ఉన్నా ఏడవాల్సి వస్తుంది.

"యాలమ్మా ఏడస్తాండారు? పైరు బాగుండాది కదా!"

"పైరు బాగుందక్కా, నా మందే బాగాలేదు. దానివల్లే బతికిందని చెప్పాలంటే, మందు పడకుండా ఎండిపోయిన మడి నాకొకటి కావాలి. ఒక్కటంటే ఒక్కటి చూపించు."

రెడ్డెమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ కొండల దాకా చూసింది. 

"నీళ్ళు కొట్టిన సగానికి కూడా మీరు పోయినాక కొట్టేస్తిమి. మీ కషాయం కొట్టని మడి ఈ ఊర్లో యాడుండాదమ్మా?"