పానవట్టం కుర్చీ

రాజలింగం నల్లరాతి కుర్చీ వీపు మీద మూడు అడ్డగీతలు చెక్కుతున్నాడు. మూడోది సగంలో ఉంది. పొద్దు గూకేలోపు కుర్చీ చేను చేరాలి.

హుజూరాబాద్ సంతకు రోళ్లు వేసుకుపోవడానికి వచ్చిన బండి బుచ్చిరాములు ఎద్దులను విప్పకుండానే నిలబడిపోయాడు.

"నైజాం పోయినంక మస్తు కుర్చీలు చూసిన. గిసొంటిది చూడలేదే అన్నా. పానవట్టమోలె ఉంది. కూసున్నోని నెత్తిన నీళ్లు పోస్తరా ఏంది?"

రాజలింగం నవ్వలేదు. గుండ్రటి పీఠం, చుట్టూ గాడి, ఒక పక్క నీళ్లు జారే ముక్కు. ఎన్నో ఊళ్ల శివాలయాలకు అలాంటివి చెక్కిన చెయ్యే అది.

"ఎవలికి?"

"మా శంకరునికి."

"బొగ్గుబాయిల పనిజేసేటోనికా? వాడు లేకుంటనే కొలతెట్ల తీసినవ్?"

"వానిది నాది ఒక్కటే కొలత."

రాజలింగం కుర్చీలో మఠం వేసుకుని కూర్చుని చూపించాడు. మోకాళ్లు అంచుకు సరిగ్గా సరిపోయాయి. లేవడానికే కొంచెంసేపు పట్టింది.

"కర్రది జెయ్యరాదే. ఎత్తొస్తది, దించొస్తది."

"చెద పడతది."

గడపలో రాజలింగం భార్య ఈరవ్వ కొడుకు అంగీ మడత పెడుతోంది. మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది.

"ఎన్నడొస్తుండు వదినె?"

"మొన్న బాయి కాడికి పోయొచ్చినం. పంపుడు తమతోని కాదన్నరు."

"సెలవియ్యరా? కొత్త నౌకరి గట్లనే ఉంటది. ఫికర్ జెయ్యకు."

ఈరవ్వ అతని ముఖంలోకి చూసింది.

"కూసునే తావన్న ఉండాలె గదా వానికి" అంది.

మూడో గీత పూర్తయింది. రాజలింగం ఉలి కింద పెట్టాడు.

"రోళ్లు రేపు ఏసుకపో తమ్మీ. ఇయ్యాల నీ బండి జర దీనికియ్యి."

"ఇంట్ల పెట్టరా?"

"చేన్ల."

"మంచిగైతది. గాలన్న తగుల్తది పోరనికి" అంటూ బుచ్చిరాములు దుంగల మీదుగా దాన్ని బండిలోకి జరపడానికి తనూ ఒక చెయ్యి వేశాడు.

చేను దగ్గర రాజలింగం దాయాదులు నలుగురు మోకులతో ఎదురుచూస్తున్నారు.

"ముక్కు ఉత్తరం దిక్కు తిప్పుండ్రి" అన్నాడు రాజలింగం.

చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి పూడ్చే ఆ ఇంటివాళ్లు, కూలిన బొగ్గుబాయి అడుగునే ఉండిపోయిన శంకరుని కోసం తవ్విన గుంతలోకి కుర్చీని దించాక, ఈరవ్వ అతని అంగీని అందులో కూర్చోబెట్టింది.