బిడ్డను చూడని మనిషి

దారిన పోయే వాళ్ళంతా సోరీనా తోసుకెళ్ళే చంటిపిల్లల బండిలోకి తొంగిచూసి బిడ్డను ముద్దుచేసేవారు.

ఆ ముసలావిడ మాత్రం బండి వైపు కన్నెత్తి చూడలేదు. దారికి అడ్డంగా నిలబడి సోరీనా ముఖంలోకి చూసింది.

"తిన్నావా తల్లీ?"

సోరీనాకు ఒళ్ళు మండింది.

"మీరెవరండీ?"

"వియోరికా అంటారు. ఇదిగో, చోర్బా తెచ్చాను. పుల్లపుల్లగా ఉంటుంది, వేడి చల్లారకముందే తాగు."

పాత పచ్చడి సీసాలో పులుసు. చేతికి చిరిగిన ఉన్ని తొడుగు. కోటు నిండా కలరా ఉండల వాసన.

సోరీనా సీసా అందుకుంది. మర్యాదకి కాదు, వదిలించుకోవడానికి. ఇంటికెళ్ళగానే సింకులో పారబోసింది.

సోరీనా బ్యాంకులో ఆఫీసరు, కాన్పు సెలవులో ఉంది. మొగుడు దోరెల్ సరుకు ఓడలో ఇంజనీరు. ఎప్పుడో ఒకసారి కొన్‌స్తాంత్స రేవులో దిగుతాడు, మిగతా కాలమంతా ఫోనులోనే కాపురం. ఈ అద్దె ఇంట్లోకి వచ్చాకే బిడ్డ పుట్టింది.

"ఎవరో అడుక్కునేదనుకుంటా," అంది ఆ సాయంత్రం ఫోనులో.

"అడుక్కునేవాళ్ళు చోర్బా పంచిపెట్టరే!" దోరెల్ నవ్వాడు.

"నీకేం, సముద్రం మీద కూర్చుని ఎన్నయినా నవ్వుతావు."

మర్నాడూ వచ్చింది ముసలావిడ. ఆ మర్నాడూ వచ్చింది. రొట్టెల కొట్టు పక్క బెంచీ మీద తిష్ట వేసేది. సోరీనా బండి తోసుకుంటూ కిందికి దిగితే చాలు, మొదలు.

"రాత్రి కన్నంటుకుందా?"

"జుట్టు దువ్వుకోలేదేం తల్లీ?"

"నిన్న ఎవరితోనైనా నోరారా మాట్లాడావా?"

ఆ మాటల్ని, ఆ సాగదీతను సోరీనా ఫోనులో అనుకరించి చూపించేది.

"పనీపాటా లేని ముసలివాళ్ళందరినీ నీ ఓడలో ఎక్కించుకుపో దోరెల్. ఏదో ఒక దీవిలో దింపెయ్. ఒకళ్ళనొకళ్ళు తిన్నావా, పడుకున్నావా అని అడుక్కుంటూ చస్తారు."

చలి ముదిరిన ఒక పొద్దున వియోరికా బెంచీ మీంచి లేచి దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది.

"బిడ్డను ఎత్తుకుంటే నీకేమీ అనిపించట్లేదు కదూ?"

సోరీనా చేతులు బండి మీద బిగుసుకుపోయాయి. ఆ సంగతి దోరెల్‌కి కూడా చెప్పలేదు. తనకు తానే చెప్పుకోలేదు.

"అనిపించనంత మాత్రాన నువ్వు చెడ్డదానివి కాదమ్మా. అదొక జబ్బు. నయమవుతుంది. రేపు డాక్టరు దగ్గరికి పోదాం, నేను తోడొస్తా."

అప్పటిదాకా నిలిచిన 'మీరు' అక్కడితో ఊడిపోయింది.

"ఏం, నాకు పిచ్చంటావా? నిన్నెవరడిగారు? మీ ఇంట్లోవాళ్ళు భరించలేక వీధిలోకి తోసేశారా నిన్ను? నా బిడ్డ జోలికొచ్చావంటే పోలీసుల్ని పిలుస్తా!"

"నేను నీ బిడ్డ కోసం రావట్లేదమ్మా."

"ఎందుకోసమైతే నాకెందుకు? నీ మొహం చూస్తేనే అసహ్యం!"

రొట్టెల కోసం నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. వియోరికా సీసా బెంచీ మీద పెట్టి మెల్లగా వెళ్ళిపోయింది.

తర్వాత ఇంటికెదురుగా బస్సుస్టాపులో కనిపించేది. తలెత్తి కిటికీ వైపు చూసేది. సోరీనా చర్రున తెర లాగేసేది.

మంచు పడ్డాక అక్కడ కూడా కనిపించలేదు.

"పీడ విరగడైంది," అంది సోరీనా ఫోనులో.

అలా అన్న కొన్నాళ్ళకే ఒక ఉదయం బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వంటింటి నేల మీద చెవులు మూసుకుని కూర్చుండిపోయింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. లేచి పక్కగదిలోకి వెళ్ళాలంటే భయమేసింది. బిడ్డంటే కాదు, తనంటేనే.

దోరెల్ అయితే ఏమంటాడో తెలుసు. "బంగారంలాంటి బిడ్డ, నీకేం లోటు?" అమ్మ కూడా అదే అంటుంది. అందరిదీ అదే మాట.

ఒక్క మనిషి మాత్రం వేరే మాట చెప్పింది. అదొక జబ్బు. నయమవుతుంది.

బిడ్డను కంబళిలో చుట్టుకుని సోరీనా ఆసుపత్రికి పరుగెత్తింది.

"మంచిపని చేశారు," అంది డాక్టరమ్మ. "చాలామంది రారు. ఎవరైనా పంపించారా?"

సోరీనా బిడ్డ మీద కంబళి సర్దింది.

"ఒక ముసలావిడ చెప్పింది. నేను తిట్టి పంపించేశాను."

మందులు, వారం వారం డాక్టరమ్మతో మాటలు. మెల్లగా తెరిపిన పడింది. గాలిలో చలి విరిగిన ఒక రోజు బిడ్డ తల్లి ముక్కు పట్టుకుని కిలకిలా నవ్వింది. సోరీనా కూడా నవ్వింది. కడుపులోంచి వచ్చిన నవ్వు.

ఆ నవ్వు ఎవరికి చూపించాలా అనుకుంటే ఆ కలరా ఉండల కోటే కళ్ళముందుకొచ్చింది.

ఈస్టరు పండక్కి చేసిన గసగసాల రొట్టెలో సగం గుడ్డలో చుట్టుకుని కిందికి దిగింది. బెంచీ ఖాళీ. బస్సుస్టాపూ ఖాళీ.

"అక్కా, ఇక్కడ కూర్చునేవారే, వియోరికా గారు... వాళ్ళిల్లెక్కడ?" అని అడిగింది రొట్టెల కొట్టు నడిపే స్తెలూత్సాను.

స్తెలూత్సా చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది.

"ఆవిడ పోయిందమ్మా. మంచు రోజుల్లో ఊపిరితిత్తులకు నిమ్ముచేసింది. వద్దంటే వినేది కాదు, ఆ చలిలోనే వచ్చి నిలబడేది."

సోరీనా చేతిలోని మూట గుండెకు హత్తుకుంది.

"నాకోసం ఎందుకు నిలబడింది అక్కా? నేనేమవుతానని?"

స్తెలూత్సా ఇటూ అటూ చూసింది.

"పచ్చి బాలింతరాలివి, భయపడతావని మేమెవరం నోరు విప్పలేదు. నీకు ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా చెప్పొద్దన్నాడు."

"ఏం చెప్పొద్దన్నాడు?"

"నీకంటే ముందు ఆ ఇంట్లోనే పసిబిడ్డతో ఒంటరిగా ఉండి, ఎవరికీ చెప్పుకోలేక ప్రాణం తీసుకున్న అమ్మాయికి ఆవిడ కన్నతల్లి."