విరిగిన వీణ

హైమావతి పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఆ గోడ ముందే తిరుగుతోంది.

తెనాలిలో ప్రతి గోడా ఓ తెరై, చూసేవాళ్ల ఇష్టాన్ని బట్టి బొమ్మ మార్చుకునే రోజులవి. ఒకరికి కనబడింది మరొకరికి కనబడదు. అది గిట్టకే ఆమె సంగీతోత్సవానికి పాతకాలపు సినిమా పోస్టర్ల తీరులో వీణను చేత్తో గీసి, నాలుగు పెద్ద కాగితాల మీద అచ్చు వేయించింది. పోస్టర్లు అతికించే అలవాటు ఏనాడో తప్పిన మస్తాన్‌వలి, మైదా జిగురు పూసి, కాగితాలను జానెడు ఎగుడుదిగుడుగా కలిపాడు. వీణ నడిమికి విరిగింది.

"నా పరువు తీశావు కదయ్యా వలీ!" అంటూ, చించేద్దామని తనే నిచ్చెనెక్కింది.

కింద పూలమ్మే ఆమె ఆగి, "ఆ వీణేంటి, విరిగిపోయింది?" అంది ఆటో అతనితో.

"నాకూ విరిగే కనబడతందే!" అంటూ అతను బండి దిగాడు.

ఇద్దరూ గోడను వదిలేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దారినపోయేవాళ్లను ఆపి మరీ అడగసాగారు. గుంపు చేరింది. అందరికీ అదే విరిగిన వీణ.

కాగితం అంచు పట్టుకున్న హైమావతి చెయ్యి ఆగిపోయింది.

"నిచ్చెన మీదమ్మా! మీకూ అట్టాగే కనబడతందా?" అని పూలామె కేకేసింది.

హైమావతి ఆ అంచును అరచేత్తో గోడకేసి గట్టిగా అదిమింది.

"అట్టాగేనమ్మా. నాకూ విరిగే కనబడతంది."